12 వోల్టులు 5 అయితే, మిగిలిన 7 ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: పొలంలో మోటారు షెడ్డు దగ్గర పెట్టే జీఎస్ఎం బోర్డుకు (మొబైల్ నెట్‌వర్క్ మీద పనిచేసేది) 5 వోల్టులు కావాలి. నా దగ్గర ఉన్నది 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ. 5 వోల్టులు ఇచ్చే 7805 రెగ్యులేటర్ చిప్ పెడితే చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, కాసేపటికి ఆగిపోతోంది. ఎవరో చెబితే ఎల్ఎం2596 బక్ (వోల్టేజ్ దించే) మాడ్యూల్ కొన్నాను. అది గోరువెచ్చగా ఉంటోంది, అంతే. 5 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టరు లోడుగా పెట్టి కొలిస్తే బ్యాటరీ వైపు 0.49 ఆంపియర్లు, లోడు వైపు 1 ఆంపియర్ చూపిస్తోంది. లోపలికి వెళ్లినదానికంటే ఎక్కువ బయటికి ఎలా వస్తుంది? నా మీటరు పాడైందా? మిగిలిన 7 వోల్టులు ఎక్కడికి పోతున్నాయి? మధ్యలో ఆ కాయిల్ అవసరమేనా?

సమాధానం:

తమ్ముడూ, మీ మీటరుకు ఏమీ కాలేదు. రెండు రీడింగులూ నిజమే. లెక్క కట్టి చూడండి. బ్యాటరీ వైపు 12 వోల్టులు, 0.49 ఆంపియర్లు, అంటే 5.9 వాట్లు లోపలికి వెళ్తున్నాయి. లోడు వైపు 5 వోల్టులు, 1 ఆంపియర్, అంటే 5 వాట్లు బయటికి వస్తున్నాయి. ఎక్కువ వచ్చిందేమీ లేదు, పైగా దారిలో 0.9 వాటు వేడిగా పోయింది. కరెంటు పెరిగింది, వోల్టేజ్ తగ్గింది, పవర్ మాత్రం పెరగలేదు. ఏసీలో ట్రాన్స్‌ఫార్మర్ ఇదే పని చేస్తే మనకు వింతగా అనిపించదు. డీసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన బుర్ర 7805 అలవాటుతోనే ఆలోచిస్తుంది. అందుకే ముందు ఆ 7805 సంగతి తేల్చుకుందాం.

7805 అంటే తన విలువను తానే సర్దుకునే రెసిస్టరు అనుకోండి. బ్యాటరీకీ లోడుకీ మధ్య వరసలో కూర్చుంటుంది. లోడు 1 ఆంపియర్ లాగితే ఆ 1 ఆంపియరూ బ్యాటరీలోంచే, దాని గుండానే రావాలి. వేరే దారి లేదు. బ్యాటరీ 12 వాట్లు ఇస్తుంది, లోడుకు 5 అందుతాయి, మిగిలిన 7 వాట్లు ఆ చిన్న ముక్కలో వేడిగా మారతాయి. హీట్ సింక్ లేని ఆ ప్యాకేజీ ప్రతి వాటుకూ 60 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందని లెక్క. 7 వాట్లకు 400 డిగ్రీలు దాటాలి. అంతదాకా పోనివ్వకుండా 150 డిగ్రీల చుట్టుపక్కల లోపలి రక్షణ దాన్ని ఆపేస్తుంది. చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మీరు చూసిన 'కాసేపటికి ఆగిపోవడం' అదే.

సైకిల్ బ్రేకు నొక్కిపట్టి, తగినంత వేగం ఉండేలా గట్టిగా తొక్కుతున్నామనుకోండి. వేగం మనకు కావలసినంతే ఉంటుంది కానీ కాళ్ల కష్టంలో సగానికి పైగా బ్రేకు రబ్బరు కాలడానికే పోతుంది. 7805 చేసేది అదే. తెలివైనవాడు ఏం చేస్తాడు? రెండు తొక్కులు తొక్కి, కాళ్లు ఆపి, ఫ్రీవీల్ మీద పోనిస్తాడు. వేగం కాస్త తగ్గగానే మళ్లీ రెండు తొక్కులు. బక్ కన్వర్టర్ ఆ రెండో రకం. మన డిప్లొమా, బీటెక్ పుస్తకాల్లో దీన్నే స్టెప్ డౌన్ చాపర్ అంటారు. అందులోని డయోడ్‌కు ఫ్రీవీలింగ్ డయోడ్ అన్న పేరు కూడా ఊరికే రాలేదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. మాడ్యూల్‌లో అసలు పని చేసేవి నాలుగే: ఒక స్విచ్, ఒక డయోడ్, ఒక కాయిల్, ఒక కెపాసిటర్. స్విచ్ ఎల్ఎం2596 చిప్ లోపలే ఉంటుంది. పక్కన నల్లగా, ఎస్ఎస్34 అని రాసి ఉండేది షాట్కీ డయోడ్.

స్విచ్ ఎందుకు వేడెక్కదో ముందు చూడండి. వేడి అంటే దాని మీద పడే వోల్టేజ్, దానిలో పారే కరెంటు, ఈ రెండింటి గుణకారం. ఆన్‌లో ఉన్నప్పుడు కరెంటు నిండుగా ఉంటుంది, వోల్టేజ్ దాదాపు సున్నా. ఆఫ్‌లో వోల్టేజ్ నిండుగా ఉంటుంది, కరెంటు సున్నా. రెండు సందర్భాల్లోనూ గుణకారం సున్నా దగ్గరే. 7805 లోపలి ట్రాన్సిస్టర్ ఈ రెండింటికీ మధ్యలో, సగం తెరిచిన కుళాయిలా ఉండిపోతుంది. దాని బాధంతా అక్కడే.

సరే, స్విచ్‌ను సెకనుకు లక్షన్నర సార్లు ఆన్, ఆఫ్ చేస్తూ, 12 వోల్టులను 41.7 శాతం సమయం మాత్రమే పంపిస్తే సగటు 5 వోల్టులే కదా? సగటు అంతే. హీటరుకో, బల్బుకో ఆ సగటు చాలు. మీ జీఎస్ఎం బోర్డు మాత్రం సగటు చూసుకోదు. ప్రతిసారీ ఆ రెండున్నర మూడు మైక్రోసెకన్లు దానికి 12 వోల్టులే కనిపిస్తాయి. అంతటితో దాని పని అయిపోతుంది.

అయితే ఒక పెద్ద కెపాసిటర్ పెట్టి చదును చేస్తే సరిపోదా, కాయిల్ ఎందుకు అని అడిగారు. మంచి ప్రశ్న. మేం చదువుకునేటప్పుడు ఇది ఎవరూ అడగలేదు, మాకు ఎవరూ చెప్పలేదు కూడా. కాయిల్ తీసేసి చూద్దాం. కెపాసిటర్ 5 వోల్టుల దగ్గర ఉంది, స్విచ్ మూసుకోగానే దాన్ని నేరుగా 12 వోల్టులకు కలిపాం. మధ్యలో 7 వోల్టుల తేడా ఉంది. ఆ తేడా ఎక్కడో ఒకచోట పడాలి: స్విచ్‌లోనో, తీగలోనో, కెపాసిటర్ లోపలి నిరోధంలోనో. బ్యాటరీ నుంచి వచ్చే ప్రతి కూలుంబు ఛార్జీ 12 జౌళ్లు తీసుకుని బయలుదేరి, కెపాసిటర్‌కు 5 జౌళ్లు అందిస్తుంది. మిగిలిన 7 దారిలోనే కాలిపోతాయి. తీగ లావుగా ఉన్నా, స్విచ్ ఎంత మంచిదైనా ఈ లెక్క మారదు. నిరోధం తగ్గిస్తే కరెంటు కాటు పెద్దదవుతుంది, నష్టం అంతే ఉంటుంది. అంటే సర్క్యూట్ అంతా మార్చి, ధడ్ ధడ్ మని ఆన్, ఆఫ్ చేసి, చివరికి మళ్లీ 7805 దగ్గరికే వచ్చాం.

ఆ 7 వోల్టులను కాల్చకుండా మోయగలిగేది ఒకటి మధ్యలో కావాలి. అదే కాయిల్.

కాయిల్‌కు ఉన్న గుణం ఒక్కటే. తనలో పారే కరెంటును ఉన్నపళంగా మారనివ్వదు. దాని మీద ఎంత వోల్టేజ్ పెడితే కరెంటు అంత వాలుతో నెమ్మదిగా పెరుగుతుంది. 1 హెన్రీ కాయిల్ మీద 1 వోల్టు పెడితే సెకనుకు 1 ఆంపియర్. మీ మాడ్యూల్‌లో 33 మైక్రోహెన్రీల కాయిల్ ఉందనుకుందాం. ఎల్ఎం2596 వేగం 150 కిలోహెర్ట్జ్, అంటే ఒక చక్రానికి 6.67 మైక్రోసెకన్లు. అందులో 2.78 మైక్రోసెకన్లు స్విచ్ ఆన్. అప్పుడు కాయిల్‌కు ఒక కొసన 12, రెండో కొసన 5. దాని మీద పడేది 7 వోల్టులు.

మీరు వెతుకుతున్న 7 వోల్టులు ఇవే. ఇవి కాలిపోవడం లేదు, కాయిల్‌లో కరెంటును పెంచుతున్నాయి. మైక్రోసెకనుకు 0.21 ఆంపియర్ చొప్పున, 2.78 మైక్రోసెకన్లలో 0.59 ఆంపియర్ పెరుగుతుంది. 0.7 దగ్గర మొదలైన కరెంటు 1.3 దాకా ఎక్కుతుంది. ఆ పెరిగిన కరెంటు రూపంలో శక్తి కాయిల్ చుట్టూ అయస్కాంత క్షేత్రంలో దాగి ఉంటుంది.

ఇప్పుడు స్విచ్ తెరుచుకుంది. బ్యాటరీ సంబంధం తెగిపోయింది. కాయిల్ మాత్రం 1.3 ఆంపియర్లను ఆపడానికి ఒప్పుకోదు. పాత ట్యూబ్‌లైట్ గుర్తుందా? స్టార్టర్ టక్కున తెరుచుకోగానే చోక్ వందల వోల్టుల దెబ్బ కొట్టి ట్యూబును వెలిగించేది. అదీ ఇలాంటి కాయిలే. దారి మూసేస్తే దారి చేసుకోవడానికి ఎంత వోల్టేజ్ అయినా పుట్టిస్తుంది. ఇక్కడ అంత అవసరం రాకుండా డయోడ్ పెట్టారు. స్విచ్ తెరుచుకున్న క్షణంలో కాయిల్‌కు స్విచ్ వైపు కొస 12 నుంచి జారి, సున్నాను దాటి, గ్రౌండ్ కంటే 0.4 వోల్టు కిందికి పోతుంది. వెంటనే డయోడ్ తెరుచుకుని గ్రౌండ్ వైపు నుంచి కరెంటుకు దారి ఇస్తుంది. కరెంటు కాయిల్, లోడు, డయోడ్ మీదుగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో లోడును నడిపేది కాయిల్ దాచుకున్న శక్తి. ఇప్పుడు కాయిల్ మీద 5 వోల్టులు ఎదురు దిశలో ఉన్నాయి కాబట్టి కరెంటు మైక్రోసెకనుకు 0.15 చొప్పున తగ్గుతుంది. 3.89 మైక్రోసెకన్లలో మళ్లీ 0.59 తగ్గి, 0.7 దగ్గరికి వస్తుంది. అంతలో స్విచ్ మళ్లీ మూసుకుంటుంది.

ఎక్కినంతా దిగాలి. ఎక్కువ ఎక్కి తక్కువ దిగితే చక్రానికి ఇంత చొప్పున కరెంటు పెరుగుతూ పోయి ఏదో ఒకటి పేలుతుంది. అందుకే 7 వోల్టులు × ఆన్ సమయం, 5 వోల్టులు × ఆఫ్ సమయం సమానం కావాలి. 7 × 2.78 కట్టండి, 19.46 వస్తుంది. 5 × 3.89 కట్టండి, 19.45. దశాంశం తేడా అంతే. ఈ ఒక్క సమానత్వం నుంచే 'అవుట్‌పుట్ = ఇన్‌పుట్ × డ్యూటీ సైకిల్' అన్న సూత్రం పుట్టింది. డ్యూటీ సైకిల్ అంటే చక్రంలో స్విచ్ ఆన్‌లో ఉన్న వంతు. అందులో కాయిల్ విలువ ఎక్కడా లేదు, చూశారా? 33 బదులు 100 మైక్రోహెన్రీలు పెట్టినా మీకు 5 వోల్టులే వస్తాయి. కరెంటు ఎక్కిదిగే ఎత్తు మాత్రం తగ్గుతుంది.

ఇక మీ 0.49 సంగతి. లోడుకు ఎప్పుడూ సగటున 1 ఆంపియర్ వెళ్తోంది. అందులో బ్యాటరీ వాటా స్విచ్ ఆన్‌లో ఉన్న 41.7 శాతం సమయానికే. మిగతా సమయంలో స్విచ్ గుండా ఒక్క ఎలక్ట్రాన్ కూడా కదలదు. కాబట్టి బ్యాటరీ సగటు 0.417 ఆంపియర్. మీకు 0.49 ఎందుకు వచ్చిందంటే, ఇప్పటిదాకా స్విచ్‌నూ డయోడ్‌నూ దేవుళ్లలా చూశాం. నిజానికి ఎల్ఎం2596 లోపల ఉన్నది మాస్‌ఫెట్ (ఆన్‌లో చాలా తక్కువ నిరోధం ఉండే ట్రాన్సిస్టర్) కాదు, పాతకాలపు బైపోలార్ ట్రాన్సిస్టర్. 1 ఆంపియర్ దగ్గర దాని మీద సుమారు 1 వోల్టు పోతుంది. డయోడ్ మీద 0.4. వీటిని కలిపి మళ్లీ లెక్కిస్తే ఆన్ సమయం 41.7 నుంచి 47.4 శాతానికి పెరుగుతుంది. అంటే బ్యాటరీ వైపు 0.474 ఆంపియర్. చిప్ తన తిండికి తీసుకునే కొన్ని మిల్లీఆంపియర్లు, స్విచ్ మారే క్షణాల నష్టం కలిపితే మీ 0.49 వచ్చేసినట్టే. 85 శాతం ఎఫిషియెన్సీ. మీటరు పాడైందన్నారు గానీ, ఇంత సరిగ్గా చూపించే మీటరును జాగ్రత్తగా దాచుకోండి.

ఆ 0.9 వాటులో స్విచ్ వాటా సుమారు 0.47, డయోడ్ వాటా 0.21. గోరువెచ్చదనం అక్కడిదే. మీ బోర్డు నిజంగా నిరంతరం 1 ఆంపియర్ లాగదు కానీ, లాగుతుందనుకుని చూసినా 7805తో కాగితం మీద 7 గంటలు నడిచే బ్యాటరీ, దీనితో 14 గంటలు నడుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి రెండు అంకెల్లోనూ కొంత తగ్గించుకోండి. సగానికి సగం తేడా మాత్రం నిజం.

డయోడ్ నష్టం మీ దగ్గర చిన్నదే. అదే కంప్యూటర్ మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కు 12 నుంచి 1.2 వోల్టులు చేయాలి. అక్కడ 90 శాతం సమయం కరెంటు కింది దారిలోనే తిరుగుతుంది. 1.2 వోల్టుల అవుట్‌పుట్‌కు 0.4 వోల్టు డయోడ్‌కే పోతే మూడో వంతు తగలబెట్టినట్టే. అందుకే డయోడ్ తీసేసి దాని స్థానంలో ఇంకో మాస్‌ఫెట్ పెట్టి, పై స్విచ్ ఆఫ్ కాగానే దాన్ని ఆన్ చేస్తారు. 2 మిల్లీఓంల మాస్‌ఫెట్‌లో 30 ఆంపియర్లు పారినా పోయేది 0.06 వోల్టే. దీన్ని సింక్రనస్ బక్ అంటారు. రెండూ ఒకేసారి ఆన్ అయితే 12 వోల్టులు నేరుగా గ్రౌండుకు షార్ట్ అవుతాయి కాబట్టి మధ్యలో కొన్ని పదుల నానోసెకన్లు రెండూ ఆఫ్‌లో ఉంచుతారు. కొత్త చిన్న మాడ్యూల్స్ చాలా వరకు ఇవే. ఎలక్ట్రిక్ స్కూటరులో 48, 60 వోల్టుల బ్యాటరీ నుంచి హారన్‌కూ లైట్లకూ 12 వోల్టులు ఇచ్చే డబ్బాలోనూ ఈ స్విచ్, కాయిల్ ఆటే నడుస్తుంది.

బ్యాటరీ 13 నుంచి 11కి పడిపోతున్నా అవుట్‌పుట్ 5 దగ్గరే ఎలా నిలబడుతుంది? చిప్ లోపల 1.23 వోల్టుల స్థిరమైన రిఫరెన్స్ ఉంది. అవుట్‌పుట్ నుంచి రెండు రెసిస్టర్ల ద్వారా కొంత భాగం తెచ్చి దానితో పోల్చుకుంటుంది. తక్కువైతే ఆన్ సమయం పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. మీ మాడ్యూల్‌లో నీలం రంగు పెట్టెలా, పైన ఇత్తడి స్క్రూతో ఉన్నది ఆ రెండు రెసిస్టర్లలో పైది. 10 కిలోఓంల ప్రీసెట్, అంటే స్క్రూ తిప్పి విలువ మార్చే రెసిస్టర్. కిందిది సాధారణంగా 330 ఓంలు.

ఈ ప్రీసెట్ దగ్గర కాస్త ఆగుతాను, నేను చూసిన బోర్డుల చావుల్లో సగం ఇక్కడే జరిగాయి. ఇది 25 చుట్ల ప్రీసెట్, చుట్టుకు 400 ఓంలు. చుట్టుకు అవుట్‌పుట్ ఒకటిన్నర వోల్టు మారుతుంది. 5 వోల్టులకు కావలసింది సుమారు 1,010 ఓంలే. అంటే సున్నా ఓంల చివరి నుంచి రెండున్నర చుట్లు. మీకు వచ్చేటప్పుడు అది మధ్యలో ఎక్కడో, 5,000 ఓంల దగ్గర ఉంటుంది. ఆ విలువకు చిప్ ఇవ్వాల్సింది దాదాపు 20 వోల్టులు. ఉన్నది 12 కాబట్టి ఇవ్వగలిగినంతా, అంటే 11 వోల్టుల దాకా ఇచ్చేస్తుంది. మీరు స్క్రూ తిప్పుతారు, ఒక చుట్టు, రెండు, నాలుగు... మీటరు కదలదు. 'మాడ్యూల్ పాడైంది' అని చాలామంది ఇక్కడే పక్కన పడేస్తారు. ఆరో చుట్టు దగ్గర ఒక్కసారిగా దిగడం మొదలవుతుంది. ఓపిగ్గా తిప్పండి. లోడు మాత్రం తగిలించకండి. నేను మొదటిసారి ఈ మాడ్యూల్ వాడినప్పుడు '5కి సెట్ చేసే ఉంటుంది' అనుకుని బోర్డుకు తగిలించేశాను. బోర్డు మీద సన్నగా పొగ, చేపల వాసన లాంటిది ఒకటి. ఆ రోజు వర్క్‌షాపులో నాతో ఉన్న కుర్రాడు ఇప్పటికీ దాన్ని గుర్తుచేసి నవ్వుతాడు.

సెట్ చేశాక కూడా ప్రీసెట్‌ను నమ్మకండి. మోటారు షెడ్డులో దుమ్ము, తేమ, మోటారు అదురు, మూడూ ఉంటాయి. లోపల జరిగే కాంటాక్టు ముక్క, అంటే వైపర్, ఒక్క క్షణం కాంటాక్ట్ వదిలినా చిప్‌కు అవుట్‌పుట్ కనిపించదు. సున్నా ఉందనుకుని నిండుగా ఆన్ చేస్తుంది, బోర్డుకు 11 వోల్టులు వెళ్లిపోతాయి. దీనికి మందు రూపాయి ఖరీదు. ప్రీసెట్‌ను పీకేసి ఆ స్థానంలో 1 కిలోఓం, 1 శాతం రెసిస్టర్ సాల్డర్ చేయండి. 330 ఓంలతో కలిపి లెక్కిస్తే 4.96 వోల్టులు. మీ బోర్డుకు అది చాలు. స్విచ్ షార్ట్ అయితే కూడా ఇదే ప్రమాదం కాబట్టి, అవుట్‌పుట్ దగ్గర ఒక 5.6 వోల్టుల పెద్ద జీనర్ డయోడ్ (వోల్టేజ్ అంతకు మించకుండా పట్టి ఉంచేది), ఇన్‌పుట్‌లో ఫ్యూజు పెట్టడం మంచిది. ఫ్యూజు ఎగిరిపోనివ్వండి, బోర్డు మిగులుతుంది.

కెపాసిటర్ గురించి చాలామంది మైక్రోఫారడ్లు లెక్కపెట్టుకుంటారు. అసలు చూడాల్సింది అది కాదు. 0.59 ఆంపియర్ ఎక్కిదిగే కరెంటును 220 మైక్రోఫారడ్లు మింగితే అవుట్‌పుట్‌లో వచ్చే అల 2 మిల్లీవోల్టులే. కానీ మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ఈఎస్ఆర్ అనే నిరోధం ఉంటుంది. అది 0.1 ఓం అనుకుంటే అదే కరెంటుకు 59 మిల్లీవోల్టుల అల. ముప్ఫై రెట్లు! ఎండలో మూడు వేసవులు గడిచాక లోపలి ద్రవం ఆరిపోయి ఈఎస్ఆర్ ఇంకా పెరుగుతుంది. అందుకే 1000 మైక్రోఫారడ్ల నాసిరకం కంటే 220 మైక్రోఫారడ్ల 'లో ఈఎస్ఆర్' రకం మేలు. స్కోప్‌లో (ఆసిలోస్కోప్, వోల్టేజ్ అలను గీసి చూపే పరికరం) ఈ అల చూసేటప్పుడు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పు తీగను ఆరంగుళాలు వేలాడదీయకండి. అది ఏరియల్‌లా పనిచేసి లేని ముళ్లన్నీ చూపిస్తుంది. కొనలో చిన్న స్ప్రింగు గ్రౌండు పెట్టి, కెపాసిటర్ కాళ్ల మీదే కొలవండి.

మీది జీఎస్ఎం కాబట్టి ఇంకో సంగతి. ఆ రేడియో నిరంతరంగా కరెంటు లాగదు. టవరుతో మాట్లాడేటప్పుడు 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 0.58 మిల్లీసెకను పాటు 2 ఆంపియర్ల దాకా లాగి వదిలేస్తుంది. మీటరు సగటు చూపిస్తుంది కాబట్టి అది మీకు కనిపించదు. బోర్డు మాత్రం ఎస్ఎంఎస్ పంపబోయి రీసెట్ అవుతుంటుంది. అందరూ మాడ్యూల్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు సన్నటి జంపర్ తీగలది. తీగా, పిన్నుల కాంటాక్టూ కలిసి 0.2 ఓం ఉన్నా 2 ఆంపియర్లకు 0.4 వోల్టు అక్కడే పోయింది. తీగలు పొట్టిగా, లావుగా పెట్టి, జీఎస్ఎం మాడ్యూల్ కాళ్ల దగ్గరే ఒక 1000 మైక్రోఫారడ్ల లో ఈఎస్ఆర్ కెపాసిటర్ పెట్టండి.

తీగల మాట వచ్చింది కాబట్టి ఇన్‌పుట్ వైపు కూడా చెప్పాలి. బక్ కన్వర్టర్ బ్యాటరీ నుంచి కరెంటును చదునుగా తీసుకోదు, ముక్కలుముక్కలుగా లాగుతుంది. ఆ ముక్కలను దగ్గర నుంచి అందించేది ఇన్‌పుట్ కెపాసిటర్. స్విచ్, డయోడ్, ఇన్‌పుట్ కెపాసిటర్, ఈ మూడూ కలిసిన చుట్టు ఎంత చిన్నదైతే నాయిస్ అంత తక్కువ. సొంతంగా బోర్డు గీసేటప్పుడు ముందు ఈ మూడింటినీ కూర్చోబెట్టి, తర్వాతే మిగతావి. కొత్తవాళ్లు అవుట్‌పుట్ వైపు అందంగా గీసి, ఇన్‌పుట్ కెపాసిటర్‌ను మూలకు తోసేస్తారు.

ఒకసారి లారీలో పెట్టే ట్రాకర్ల కోసం 28 వోల్టుల వరకు తట్టుకునే చిన్న మాడ్యూల్స్ తెచ్చాం. బ్యాటరీ 24 వోల్టులు, 'నాలుగు వోల్టులు మిగులు ఉంది కదా' అనుకున్నాం. కనెక్టర్ తగిలించగానే టప్. రెండోది తగిలించాం, టప్. స్కోప్ పెట్టి చూస్తే తెలిసింది: రెండు మీటర్ల తీగకు దాని సొంత ఇండక్టెన్స్ (కాయిల్ గుణం) ఉంది, మాడ్యూల్ ఇన్‌పుట్‌లో ఉన్నది నష్టం దాదాపు లేని సిరామిక్ కెపాసిటర్. తగిలించిన క్షణంలో ఆ రెండూ ఊయలలా ఊగి వోల్టేజ్‌ను 40 దాటించాయి. ఇలా ఊగితే లెక్క ప్రకారం రెట్టింపు దాకా పోవచ్చు. పక్కన ఒక మామూలు 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ పెట్టాం. ఇందాక నేను తిట్టిన ఈఎస్ఆరే ఇక్కడ బ్రేకులా పనిచేసి ఆ ఊపును చంపింది. మీ మాడ్యూల్‌లో ఎలక్ట్రోలిటిక్ ఉంది, చిప్ 40 వోల్టులు తట్టుకుంటుంది, మీకు ఆ భయం లేదు.

బ్యాటరీ దిగిపోయేకొద్దీ బక్ ప్రవర్తన ఇంకాస్త వింతగా ఉంటుంది. రెసిస్టరుకు వోల్టేజ్ తగ్గిస్తే కరెంటు తగ్గుతుంది. దీనికి తగ్గిస్తే పెరుగుతుంది, ఎందుకంటే అవుట్‌పుట్‌లో ఇవ్వాల్సిన 5 వాట్లు మారవు. 12 దగ్గర 0.49 లాగింది 10.5 దగ్గర 0.56 లాగుతుంది. తీగ సన్నదైతే ఆ పెరిగిన కరెంటుకు వోల్టేజ్ ఇంకా పడుతుంది, దానికి కరెంటు ఇంకా పెరుగుతుంది. ఇన్‌పుట్‌లో ఫిల్టర్ పెట్టాక సర్క్యూట్ ఊగిపోయే జబ్బుకూ మూలం ఈ ఎదురు ప్రవర్తనే. 1976లో కాల్‌టెక్ ప్రొఫెసర్ మిడిల్‌బ్రూక్ దీని లెక్క తేల్చి పెట్టారు, ఇప్పటికీ అదే వాడుతున్నాం.

ఇక మీ మాడ్యూల్ అసలుదేనా అన్న అనుమానం ఉంచుకోండి. చవకగా దొరికేవాటిలో చిప్ మీద ఎల్ఎం2596 అని ముద్ర ఉంటుంది. స్కోప్ పెడితే 150 బదులు 50 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల తిరుగుతుంటుంది. నా చేతిలోకి వచ్చినవే చాలా ఉన్నాయి. వేగం మూడో వంతుకు పడిపోతే అదే 33 మైక్రోహెన్రీల కాయిల్‌లో కరెంటు 0.59 బదులు 1.77 ఆంపియర్లు ఎక్కిదిగుతుంది. 1 ఆంపియర్ లోడుకు ఎలాగో లాగిస్తుంది. 2 ఆంపియర్లు లాగితే శిఖరం 2.88 అవుతుంది. కాయిల్ లోపలి చిన్న ఫెర్రైట్ కోర్ అక్కడ నిండిపోవచ్చు, అంటే ఇక అయస్కాంత క్షేత్రాన్ని దాచుకోలేకపోవచ్చు. కోర్ నిండాక కాయిల్ కాయిల్‌లా ఉండదు, ఉత్త రాగి తీగ అయిపోతుంది. స్కోప్‌లో వంకర లేని వాలు గీతలా ఎక్కే కరెంటు చివరలో కొమ్ములా పైకి లేస్తే అర్థం అదే. అందుకే మాడ్యూల్ మీద '3 ఆంపియర్లు' అని ఉన్నా నేను 1.5 దాటించను.

లోడు బాగా తగ్గించినప్పుడు కాయిల్ సన్నగా కీచుమంటే కంగారు పడకండి. 0.3 ఆంపియర్ కంటే తక్కువ లోడుకు మీ కాయిల్‌లో కరెంటు ప్రతి చక్రంలోనూ సున్నాకు చేరి ఆగుతుంది. ఇంకా తగ్గితే చిప్ కొన్ని చక్రాలను వదిలేస్తుంది, ఆ లయ చెవికి వినిపించే శ్రుతిలో పడుతుంది. స్కోప్‌లో కూడా స్విచ్ దగ్గర అలలు అలలుగా కనిపిస్తుంది. జబ్బు కాదు.

7805ను చెత్తబుట్టలో వేయకండి. 20 మిల్లీఆంపియర్లు లాగే సెన్సరుకు, 12 నుంచి 5 చేసినా పోయేది 0.14 వాటే. అవుట్‌పుట్ ప్రశాంతంగా, అల లేకుండా వస్తుంది. ఆడియోకో, సన్నటి సిగ్నల్ కొలిచే సర్క్యూట్‌కో నేను ఇప్పటికీ బక్‌తో 12ను 7.5కు దించి, దాని వెనక 7805 పెడతాను.

వీలైతే ఒకటి చూసి రాయండి. మీ కాయిల్ మీద 330 అని ఉందా, 470 అని ఉందా? 330 అంటే 33 మైక్రోహెన్రీలు, 470 అంటే 47. రెండోదైతే పైన చెప్పిన 0.59 మీకు 0.41 అవుతుంది, అవుట్‌పుట్ అల 41 మిల్లీవోల్టులకు దిగుతుంది.